డోరీన్‌కి కొట్టిన చప్పట్లు

లండన్‌లో ఒక టీవీ చానెల్‌ని చాలాకాలం ఏలి, డెస్మండ్ ఆల్‌క్రాఫ్ట్ రిటైరయ్యాడు. వీడ్కోలు విందులో అందరూ ఆయన తొలి విజయాన్నే పొగిడారు. చేపల ఫ్యాక్టరీలో పనిచేసే డోరీన్ స్టాదర్స్ ఆయన తీసిన పాటల పోటీలో పాడుతుంటే జనం పగలబడి నవ్వడం అప్పట్లో దేశమంతా చూసింది. ఆయన దశ తిరిగింది అక్కడే.

నిజానికి ఆ రోజు హాల్లో ఎవరూ నవ్వలేదు. లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కార్యక్రమం చప్పగా ఉందని పైవాళ్ళు విసుక్కుంటే, ఆ చప్పట్లు కోయించి, అంతకుముందు అదే వేదిక మీద ఒక హాస్యగాడికి వచ్చిన నవ్వులు అతికించింది డెస్మండే.

ఆ పొగడ్తలు విన్నాక ఆయన ఇక ఊరుకోలేకపోయాడు. మర్నాడే రైలెక్కి, డోరీన్ ఉండే హల్ రేవుపట్నం వెళ్ళాడు.

డోరీన్ అక్కడ చెల్లెలు వెరాతో కలిసి చేపల వేపుడు దుకాణం నడుపుతోంది. బయట వాన. గుమ్మం దాకా జనం. ఆయన వంతు వచ్చింది.

"ఏం కావాలి నాయనా? వెనిగర్ చల్లనా?"

"నేను డెస్మండ్‌నమ్మా. ఆ పాటల పోటీ తీసినవాణ్ణి."

ఆమె చేతిలో జల్లిగరిటె ఆగిపోయింది.

"ఆ రోజు మీకు చప్పట్లే కొట్టారు. నవ్వులు నేను అతికించాను."

డోరీన్ గరిటె బల్ల మీద పెట్టేసింది. "చప్పట్లు కొట్టారని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పానయ్యా! టీవీ అబద్ధమాడుతుందా అన్నాడు మా ఆయన. అందరూ అదే మాట. చివరికి నా చెవులే నన్ను మోసం చేశాయనుకున్నా." లోపలికి కేకేసింది. "ఒసేయ్ వెరా, ఇలా రా! బాబూ, ఆ మాట మళ్ళీ చెప్పు. గట్టిగా."

ఆయన చెప్పాడు.

"క్షమించమ్మా."

"ఆగవయ్యా, నాకింకా కోపమే మొదలవలేదు."

వెరా మాత్రం ఊరుకోలేదు. "ఈ నలుగురి ముందూ ఒప్పుకుంటే సరిపోయిందా? మా అక్కని వెక్కిరించింది దేశమంతా. దమ్ముంటే అక్కడ చెప్పు!"

మరుసటి వారం ఒక ఉదయపు టీవీ ప్రత్యక్ష ప్రసారానికి, ఘనతల గురించి అడగడానికి ఆయన్ని పిలిచారు. అడిగిన మొదటి ప్రశ్నకే ఆయన జరిగిందంతా చెప్పేశాడు. పత్రికలు దుమ్మెత్తి పోశాయి. పాత సహోద్యోగులు ఎదురుపడితే మొహం తిప్పుకున్నారు. తగిన శాస్తే అనుకున్నాడు గానీ, గుండెలో బరువు రవ్వంతైనా దిగలేదు.

ఒకరోజు వెరా ఫోన్ చేసింది. "మా అక్క చూసిందయ్యా. చూసి, టీవీ కట్టేసి, బంగాళాదుంపల చెక్కు తీసుకుంటూ కూర్చుంది."

"ఏమైనా అందా?"

"నీ గొంతు వణికిందట. 'పాపం, ముసలాడు' అంది."

తిట్టినా బాగుండేదనుకున్నాడు డెస్మండ్.