జీపు రాల్చిన గరుసు

పొద్దున లేవగానే జీవమ్మ చేసే మొదటి పని ఇంట్లో రాలిన గరుసు రాళ్లు ఎత్తిపోయడం.

ఆలూరు అవతల ఉన్న ఆ కాలనీ ట్రాన్స్‌ఫార్మరు ఏడాదిలో సగం రోజులు కాలిపోయే ఉంటుంది. కరెంటాఫీసులో అడగబోతే రేపంటారు. ఆ రేపు కోసం తిరిగి తిరిగి కాళ్లరిగిన ముసలోళ్లు ముగ్గురు సమాధుల్లోకి పోయారు గానీ, రేపు మాత్రం రాలేదు. అందుకే జీవమ్మ మొగుడు గాబ్రియేలు తన పాత జీపును ఇంటి పక్కన నిలిపి, బ్యాటరీకి రెండు క్లిప్పులు తగిలించి, ఇన్వర్టరు డబ్బా నుంచి కిటికీ గుండా వైరు లాగాడు.

ఆ కరెంటుతో ఏది నడిచినా జీపు తిరిగిన దారుల గరుసు కింద రాలుతుంది. ఫ్యాను తిరిగితే పత్తికొండ దారి ఎర్రరాళ్లు, మిక్సీ తిరిగితే గండికోట దారి పలుకురాళ్లు. దుమ్ము రాలదు. దుమ్మే రాలుంటే నిస్సీ బతికేది కాదు.

నిస్సీ, జీవమ్మ కూతురి బిడ్డ. ఏడేళ్లు. ఆయాసం. తల్లీతండ్రీ సుగ్గికని, వలస కూలికి, మిరపకాయలు కోసేదానికి గుంటూరు దిక్కు పోయారు. రోజుకు మూడుసార్లు పిల్ల మొహానికి ఆవిరి మిషను పెట్టాలి.

"జీవక్కా, ఎర్రది రెండు గంపలియ్యి. గడప ముందర గుంత పడిండాది," అని పక్కింటి రామలక్ష్మమ్మ వచ్చింది.

"రెండేంది, ఇరవై కొండబో! యాడ పొయ్యాలో తెలీక జీపు కిందనే పోస్తాండా. ఇంగ జీపెక్కాలంటే నిచ్చెన ఎయ్యాల."

"మంచిదేలేమ్మే, వానొస్తే టైర్లు తడవవు," అన్నాడు గాబ్రియేలు.

"వానంట, వాన! దాని మొగం జూసి మూడేండ్లాయ."

జీపు కింద పోసిన గరుసు రెండేళ్లలో నడుమెత్తు దిబ్బయింది. వైరు అందేది అక్కడికే గనుక గాబ్రియేలు జీపును రోజూ వెనక్కి దాని మీదికెక్కించి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టేవాడు.

మిషను నడిచినంతసేపూ ఇంజను ఆన్‌లో ఉంచాలి, లేకుంటే బ్యాటరీ దిగిపోతుంది. ఆ శుక్రవారం గాలి ఇంటివైపు తిరిగింది. పొగంతా కిటికీలోంచి వచ్చి పిల్ల దగ్గడం మొదలుపెట్టింది.

"ఆపయ్యా ఆ ఇంజను! పిల్లను పొగబెట్టి సంపుతావా?" అని జీవమ్మే అరిచింది. గాబ్రియేలు ఆపేశాడు.

మధ్యాహ్నానికి మిషను మూలిగి ఆగిపోయింది. నిస్సీ డొక్కలు లోపలికి పోతున్నాయి. పెదాలు నల్లబడ్డాయి. గాబ్రియేలు పరుగున పోయి తాళం తిప్పాడు. కటుక్కుమంది, అంతే.

"బ్యాటరీ అయిపాయ, జీవా."

"నేనే గదయ్యా ఆపమంటి," అంది జీవమ్మ.

అంబులెన్సుకు గంటన్నర పడుతుందన్నారు. నెట్టి స్టార్టు చేద్దామంటే కాలనీలో బలమున్నోళ్లంతా సుగ్గికి పోయారు. మిగిలింది తాను, రామలక్ష్మమ్మ. నాలుగు ముసలి చేతులు. చుట్టూ చూస్తే పళ్లెం లాంటి నేల.

అప్పుడామె చూపు జీపు చక్రాల కిందున్న దిబ్బ మీద పడింది.

"వైరు పీకి ఎక్కు! గేరులో పెట్టు!" అని పిల్లను ఒళ్లో వేసుకుని ముందు సీట్లో కూలబడింది. "రామలక్ష్మీ, రాళ్లు పీకి పక్కకు దూకు!"

జీపు కదిలింది. రెండేళ్లుగా గంపల కొద్దీ పోసిన దారులన్నీ చక్రాల కింద కరకరమన్నాయి. సగం దిగాక గాబ్రియేలు క్లచ్చు వదిలాడు. జీపు దగ్గి చచ్చింది. మళ్లీ తొక్కాడు. దిబ్బ ఇంకో రెండు గజాలుంది. ఆ చివరి గజంలో వదిలాడు. జీపు ఎగిరిపడి, నల్లటి పొగ కక్కి, గర్జించింది.

"ప్రభువా," అంది జీవమ్మ. జీపు ఆసుపత్రి దారి పట్టింది.

"ఇంకో పది నిమిషాలు ఆగింటే చెప్పలేకపోదుము," అన్నాడు ఆసుపత్రిలో డాక్టరు.

నాలుగో రోజు ఇంటికొచ్చారు. ట్రాన్స్‌ఫార్మరు అట్లాగే ఉంది. దిబ్బ జారి సగమైంది. గాబ్రియేలు జీపును ఈసారి పొగ ఇంట్లోకి రాకుండా అటు పక్కకు తిప్పి ఎక్కించి, ఇంజను ఆపకుండానే వైరు తగిలించాడు. మిషను నడిచింది. మంచం కింద నీలిరంగు కంకర రాలింది.

"అవ్వా, ఇది ఏ దారిది?"

"నువ్వు పోయొచ్చిన దారిది."

జీవమ్మ గంప తెచ్చుకుంది. వంగితే నడుం కలుక్కుమంది. ట్రాన్స్‌ఫార్మరునూ, దాన్ని బాగుచెయ్యని వాళ్లనూ కలిపి తిట్టింది. తిడుతూనే మంచం కిందికి చెయ్యి చాపి, మూలకు దొర్లిపోయిన ఒక్క రాయిని కూడా వదలకుండా ఏరుకుంది.