మేడమీద మంచినీళ్లు

హాస్టల్ మేడమీది ఆడపిల్లలకు దాహం వేస్తే రెండంతస్తులు దిగి భోజనశాలకు వెళ్లాలి. దిగడానికి బద్ధకం, ఎక్కడానికి ఆయాసం; పడకగంట కొట్టాక అసలు దిగడమే నిషేధం. అందుకని చాలామంది పెదవులు తడుపుకుని పడుకునేవారు. వారిలో వార్డెన్ చెల్లెలి కూతురు కూడా ఉంది. ఆ పిల్లకు మూత్రంలో మంట, చలిజ్వరం పదేపదే వచ్చాయి. చివరిసారి డాక్టరమ్మ తేల్చి చెప్పేసింది. నీళ్లు తాగని పిల్లకు మందులిచ్చి లాభం లేదట, మళ్లీ ఇలాగే వస్తే ఇంటికి పంపించెయ్యాలట. చెల్లెలి ఊళ్లో పై తరగతుల బడి లేదు. ఇంటికి పంపడమంటే చదువుకు నీళ్లు వదలడమే.

వార్డెన్ చెప్పులరిగేలా తిరిగి మేడమీదికి ఫిల్టర్ తెప్పించింది. ఎక్కడ బిగించమంటారని ప్లంబర్ అడిగితే, వరండాకు ఆ చివరా వద్దు, నడుమా వద్దు, తన గది గుమ్మం పక్కనే పెట్టమంది. కళ్లెదుట ఉంటే కుళాయి విరగదు, నేల తడవదు, ఎవరు తాగారో తెలుస్తుంది. పైపును గోడలో దాచి సిమెంటు పూసేశారు.

నీళ్లు చల్లగా ఉన్నాయి, తియ్యగా ఉన్నాయి. తాగేవాళ్లే లేరు.

వచ్చిన ఒకరిద్దరినీ ఆమె ఊరికే పోనిచ్చేది కాదు. జడ ఎందుకు వదులైందని ఒకరిని, పరీక్షలో తెల్లకాగితం ఎందుకిచ్చావని ఇంకొకరిని అడిగేది. ఆమెకు అది ఆపేక్ష. వాళ్లకు ముచ్చెమటలు. చేతికందే దూరంలో పెట్టినా తాగని సోమరులని ఆమె భోజనశాలలో అందరినీ కలిపి చీవాట్లు పెట్టింది. పిల్లలు తలలు వంచుకుని విన్నారు. ఫిల్టర్ మాత్రం నిండుగానే ఉండిపోయింది.

ఒక సాయంత్రం పక్కలు సరిచూస్తూ ఆమె చెల్లెలి కూతురి సీసా ఎత్తి చూసింది. అడుగున ఎర్రటి తుప్పు పేరుకుని ఉంది. పిల్ల పెదవులు పగిలి ఉన్నాయి. గదిలో ఇంకెవరూ లేరు.

"ఇవెక్కడి నీళ్లే?"

"స్నానాలగదివి మేడమ్."

"నా గుమ్మం ముందు మంచినీళ్లు పెట్టుకుని ఈ తుప్పు తాగుతావా?"

"మీ గుమ్మం ముందే కదా, అందుకే."

వార్డెన్ మంచం అంచున కూర్చుంది. హాస్టల్లో తనను మేడమ్ అనే పిలవాలన్న నియమం ఆమె పెట్టిందే. పిల్ల ఆ నియమాన్ని పక్కనపెట్టింది.

"గ్లాసెడు నీళ్లకొస్తే లెక్కల పరీక్షకొచ్చినట్టుంటుంది పెద్దమ్మా. అందరూ దాన్ని చెక్‌పోస్ట్ అంటారు. నేనొస్తే ఇంకా కష్టం, చాడీలు మోస్తున్నానంటారు."

"నేనేమన్నాననే? బాగోగులు అడిగాను, అంతేగా?"

"అడక్కపోతే తాగేవాళ్లం."

మర్నాడే ప్లంబర్‌ను పిలిపించింది. గోడ పగలగొట్టడానికి సెలవుల దాకా అనుమతి రాదని అతడు గుర్తుచేశాడు. సెలవులు చాలా దూరంలో ఉన్నాయి. జ్వరం అన్నాళ్లు ఆగుతుందన్న నమ్మకం ఆమెకు లేదు. ఫిల్టర్ కదలకపోతే తానే కదులుతానంది.

"అది సులువు మేడమ్," అన్నాడతడు, "మీకు పైపు అక్కర్లేదుగా."

వరండా ఆ చివర, మలుపు తిరిగాక, పాత పరుపులు పడేసే గది ఉంది. కిటికీ సగమే తెరుచుకుంటుంది. ఆమె పెట్టె, కుర్చీ అక్కడికి చేరాయి. ఖాళీ అయిన గదిలోకి పరుపులు వెళ్లాయి. పిల్లల మీద కన్నెవరు వేస్తారని ప్రిన్సిపాల్ అడిగితే, వాళ్ల కళ్లు వాళ్లకున్నాయని చెప్పి వచ్చింది.

ఆ సాయంత్రం చాలాసేపు ఏ అలికిడీ లేదు. తరువాత కుళాయి తిరిగిన చప్పుడు. గ్లాసు కింద పడిన చప్పుడు. ఒక నవ్వు, దాని వెనక నాలుగు నవ్వులు. నేలంతా తడిసే ఉంటుంది. వార్డెన్ లేచి తలుపుదాకా వెళ్లింది. గడియ మీద చెయ్యి వేసింది. మళ్లీ వచ్చి కూర్చుంది. ఆ నవ్వుల్లో చెల్లెలి కూతురిది ఏదో ఆమె పోల్చుకోలేకపోయింది.

వానలు మొదలయ్యేనాటికి ఆ పిల్ల పెదవులు మానాయి. జ్వరం మళ్లీ రాలేదు. మెట్ల దగ్గర ఎదురైనప్పుడు, ఎన్ని గ్లాసులు తాగుతున్నావని అడగబోయి వార్డెన్ మాట మింగేసింది. పిల్ల తలూపి చకచకా దిగిపోయింది.

ఇప్పుడు ఆమె గది ముందు ఎవరూ ఆగరు. తనకు నీళ్లు కావలసినప్పుడు, పిల్లలంతా తరగతులకు వెళ్లేదాకా ఆగి, చెంబు పట్టుకుని ఆమె వరండా పొడవునా నడిచి వెళుతుంది.