తలుపు పక్క కుర్చీ

ఆ ఉదయం ఆకాశం బియ్యం కడిగిన నీళ్ళ రంగులో ఉంది. వాన పడేలా లేదు, ఎండ వచ్చేలానూ లేదు. మే నెల వచ్చినా మిషిగన్‌ని చలి ఇంకా వదల్లేదు. ఫుమికో సింకు ముందు నిలబడి సాయంత్రానికి పప్పు నానబోస్తూ కిటికీలోంచి ఆ తెల్లదనాన్నే చూస్తోంది.

"బయట పెట్టాను, చూశావా?" వెనకనుంచి అడిగాడు దక్షిణామూర్తి.

చూసింది. పడగ్గది తలుపుకి, జపానులో ఉన్నప్పుడు ఆమె తల్లి ఇచ్చిన కిమోనో వేలాడుతోంది. నీలం మీద తెల్ల కొంగలు. పెట్టె అడుగునుంచి తీసి, కలరా ఉండల వాసన పోవాలని రాత్రే హాంగర్‌కి తగిలించాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె బట్ట ఒక్కటి మడతపెట్టి ఎరగని మనిషి.

"ఒక్క పూట, ఫుమీ. నీ సొమ్మేం పోయింది? మీ బాసు గార్డన్ అడక్కూడనిదేం అడిగాడు? మీ వాళ్ళే వస్తున్నారు. మీ బట్టే కట్టుకోమన్నాడు, మీ టీయే పొయ్యమన్నాడు."

"నువ్వైతే పంచె కట్టుకుని ఆఫీసులో అందరికీ కాఫీ ఇస్తావా?"

"నాకు ఆఫీసంటూ ఉంటే కదా," అన్నాడు మూర్తి.

అక్కడితో మాట ఆగిపోయింది. ఈ మధ్య వాళ్ళిద్దరి మధ్య ఏ మాటైనా అక్కడికే వచ్చి ఆగుతోంది. పోయిన చలికాలం కార్ల కంపెనీ వాళ్ళు మూర్తిని లేఆఫ్ చేశారు. అప్పట్నుంచి ఇల్లు ఫుమికో జీతం మీదే నడుస్తోంది. ఇల్లు నడిపే చెయ్యి మారింది గాని, ఇంట్లో గిన్నెలు తోమే చెయ్యి మారలేదు.

జపాను కార్లు వచ్చి తమ ఉద్యోగాలు తినేశాయని ఊరంతా అనుకుంటున్న రోజులవి. పెట్రోలు బంకులో ఒకడు ఆమె మొహం చూసి తన కారు పక్కకి తీసేసుకున్నాడు. అది పరాయివాడి సంగతి. ఊళ్ళోని తెలుగువాళ్ళు, రాధాకృష్ణ గారింట్లో పుట్టినరోజు పార్టీలో జరిగింది వేరు. "ఏమోయ్ మూర్తీ, శత్రువుని ఇంట్లో పెట్టుకుని ఊరంతా ఉద్యోగం వెతుక్కుంటున్నావా?" అన్నాడాయన. అందరూ నవ్వారు. మూర్తీ నవ్వాడు. వంటింట్లో వాళ్ళావిడ నళినితో కలిసి గారెలు వేయిస్తున్న ఫుమికోకి ఆ మాట అర్థమయ్యేంత తెలుగు అప్పటికే వచ్చు. ఆ వెంటనే గారెల పళ్ళెం పట్టుకెళ్ళి ముందు ఆయనకే ఇచ్చింది. "చూశారా, మన ఆడవాళ్ళకన్నా పద్ధతిగా ఇస్తుంది," అని మెచ్చుకున్నాడు. అత్తగారు పోయిన వేసవిలో వచ్చి ఉన్నప్పుడూ అంతే. "జపాను పిల్లయితేనేం నళినీ, కూర్చోమన్నా కూర్చోదు. అందరికీ వడ్డించి గాని ముద్ద ముట్టదు," అంది. అదీ మెచ్చుకోలే. ఆ మెచ్చుకోలు చేపముల్లులా ఫుమికో గొంతులో ఉండిపోయింది.

ఆమె ఇంజనీరింగ్ చదివింది. చదివాక ఒసాకాలో ఉద్యోగమూ వచ్చింది. మగవాళ్ళు రాకముందే వచ్చి, వాళ్ళ బల్లలు తుడిచి, ఎవరి కప్పు ఏదో, ఎవరికి టీ చిక్కగా ఉండాలో గుర్తుపెట్టుకుని పొయ్యడం ఆ ఉద్యోగంలో మొదటి పని. మీటింగు గదిలో తలుపు పక్క కుర్చీ ఆమెది. అక్కడి ఆచారం అది. తలుపుకి దూరంగా ఉండేది పెద్దల చోటు, తలుపు పక్కది అందరికన్నా కిందివాళ్ళది. కిందివాళ్ళు ట్రే పట్టుకుని లేస్తూ, కూర్చుంటూ ఉంటే పెద్దవాళ్ళకి అడ్డు రాకూడదు. ఎవరూ నోరు విప్పి చెప్పనక్కర్లేదు. ఎవరు ఎక్కడ కూర్చున్నారో చూస్తే చాలు, ఎవరెంతో తెలిసిపోతుంది. ఆ కుర్చీలోంచి లేవడానికే ఆమె సముద్రం దాటి వచ్చి మళ్ళీ చదువుకుంది. ఇక్కడ కుర్చీలకి పెద్దా చిన్నా లేదు. ఎవరికి దొరికిన చోట వాళ్ళు కూలబడి బల్ల మీద కాళ్ళు చాపుతారు. మొదట్లో కంపరం పుట్టినా, తర్వాత ఆమెకి అదే నచ్చింది.

ఇంజనుకి ఎంత పెట్రోలు, ఏ క్షణాన అందాలో లెక్కగట్టి చెప్పే చిన్న కంప్యూటర్ ఒకటి ఆమె కంపెనీ వాళ్ళు కారులో పెడుతున్నారు. ఆ లెక్కంతా ఫుమికో రాసిందే. గడ్డకట్టే చలిలో బండి మొరాయిస్తే టెస్టింగ్ షెడ్‌లో కోటు వేసుకుని కూర్చుని సరిచేసిందీ ఆమే. ఇప్పుడు దాన్ని కలిసి తయారు చేద్దామని జపాను కంపెనీ పెద్దలు వస్తున్నారు. ఆ పని ఎవరి చేతికిస్తారో తేలే రోజు ఇది. గార్డన్ ముందే చెప్పాడు.

"రేమండ్ లీడ్ చేస్తాడు. నువ్వు వాళ్ళని హాయిగా ఉంచు చాలు. తలుపు పక్కన కూర్చో, లేచి వెళ్ళడానికి వీలుగా ఉంటుంది."

రేమండ్‌కి ఆ పని నేర్పింది ఆమె. తానేమన్నాడో గార్డన్‌కి తెలీదు. ఆమెకి తెలుసు. కిమోనో కట్టుకుని, ట్రే పట్టుకుని ఒక్కసారి ఆ కుర్చీలో కూర్చుంటే, వచ్చినవాళ్ళు ఇక జన్మలో ఆమెని టీ తప్ప మరో మాట అడగరు.

కిమోనో కారు వెనక సీట్లో వేసుకునే వెళ్ళింది. ఆఫీసు బాత్రూములో కిమోనో చేతుల్లో ఒకదాన్లోకి చెయ్యి దూర్చింది కూడా. పట్టు చల్లగా తగిలింది. ఇది కట్టి మురిసిపోవాలని అమ్మ ఇచ్చింది, టీ పొయ్యమని కాదు. చెయ్యి వెనక్కి తీసి, అమ్మ మడిచినట్టే మడిచి, కారులో పెట్టేసి వచ్చింది. ఖాళీగా ఉన్న మీటింగు గదిలోకి వెళ్ళి కుర్చీలన్నీ ఓసారి చూసింది. తలుపుకి దూరంగా, ఆ కొసన అతిథుల్లో పెద్ద కూర్చుంటాడు. అతనికి ఎదురుగా ఉండేది ఈ కంపెనీ తరఫు పెద్ద కుర్చీ. అందులో కూర్చుంది. కాగితాలు ముందు పెట్టుకుంది.

అతిథులు వేళకి ముందే వచ్చారు. నెరిసిన జుట్టాయన, ఇషిమారు, ఎవరూ చూపించకుండానే నేరుగా ఆ కొస కుర్చీ దగ్గరికి నడిచాడు. ఎదురుగా ఆడమనిషిని చూసి ఆగాడు. తలుపు వైపు చూశాడు. అక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. మళ్ళీ ఆమెని చూశాడు. ఫుమికో లేచి రెండు చేతులతో తన విజిటింగ్ కార్డు అందించింది. ఆయన దాన్ని చాలాసేపు చదివి, వంగి నమస్కరించి కూర్చున్నాడు.

గార్డన్, రేమండ్ డోనట్ల పెట్టెతో హడావిడిగా వచ్చారు. మిగిలిన కుర్చీలు తలుపు దగ్గరివే. గార్డన్ కొసదాన్లో కూలబడి, ఆమె బూడిదరంగు కోటు చూసి కనుబొమ్మలెత్తాడు. టీ ఏదీ అన్నట్టు చేతితో సైగ చేశాడు. ఆమె కాగితాలు సర్దుకుంది. ఇంక ఉండబట్టలేక గార్డనే లేచి వెళ్ళి ట్రే తెచ్చాడు. అతిథులు తలెత్తకుండా, టీ తెచ్చే పిల్లకి ఊపినట్టే కొంచెం తల ఊపి కప్పులు అందుకున్నారు. తర్వాత ఇషిమారు అడిగిన ప్రతి ప్రశ్నా ఫుమికోని చూసే అడిగాడు.

వాళ్ళు వెళ్ళాక గార్డన్ ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. "రేమండ్ ఒక్క మాట మాట్లాడలేదు. ఎందుకు?"

"వాళ్ళు నన్నడిగారు."

"డ్రెస్సేమైంది?"

"కార్లో ఉంది."

"సరే, సోమవారం మాట్లాడదాం."

మూర్తి ఉద్యోగం పోయేముందు కూడా అతని కంపెనీ వాళ్ళు అదే మాట అన్నారు.

ఇంటికొచ్చేసరికి ఆకాశం తేటపడి, వంటింటి కిటికీలో ఇంకా పొద్దుంది. అన్నం, పప్పు పొయ్యి మీద పడేసింది.

"కట్టుకున్నావా?" అన్నాడు మూర్తి.

"లేదు."

"గార్డన్ ఏమన్నాడు?"

"సోమవారం మాట్లాడదామన్నాడు."

మూర్తి మొహంలో రంగు పోయింది. "నేను పొద్దున్నే..." అని మిగతాది మింగేశాడు.

ఫుమికో కంచాలు పెట్టింది. బల్లకి రెండే కుర్చీలు. కిటికీ వైపుది మూర్తిది. పొయ్యి పక్కది ఆమెది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ నిర్ణయించలేదు. సముద్రం దాటి వచ్చి, ఆ తలుపు పక్క కుర్చీని తన చేతులతోనే తన పొయ్యి పక్కకి లాక్కుంది. చాలాసేపు దానివైపు చూసింది. తర్వాత గిన్నెలన్నీ పొయ్యి పక్క గట్టుమీదే ఉంచి, తన కంచంలో వడ్డించుకుని, చుట్టూ తిరిగి వెళ్ళి కిటికీ పక్కన కూర్చుంది.

మూర్తి తన కుర్చీ వెనక నిలబడ్డాడు. ఆమె లేవలేదు. కొంతసేపటికి పొయ్యి పక్కకి వచ్చి వడ్డించుకుని కూర్చున్నాడు. రెండు ముద్దలు తిని, అలవాటుగా ఆమె వైపు చూశాడు. ఆవకాయ కావాలి. ఆమె కలుపుకుంటోంది. లేచాడు. సీసా దొరికింది, చెంచా తేలేదు. మళ్ళీ లేచాడు. మంచినీళ్ళకి లేచాడు. పెరుగు ఫ్రిజ్‌లో ఎక్కడుంటుందో తెలీక తలుపు తెరుచుకుని నిలబడ్డాడు. ఆమె చెప్పలేదు, అతను అడగలేదు.

అతని పప్పు చల్లారి పొర కట్టింది. ఫుమికో మాత్రం వేడి తగ్గకముందే సగం తినేసింది. తన చేతి వంట వేడిగా ఉంటే ఇలా ఉంటుందా అనుకుంటూ, నెమ్మదిగా, ఆఖరు మెతుకుదాకా తింది.