ఒక్కరి బరువుకు పెట్టిన లైటు

అమ్మ పోయినప్పటి నుంచి బాపు ఆదివారాలకే ఇంటికి వస్తున్నాడు. మిగతా రోజులు గోదావరిఖనిలో, తనతో పాటు బాయిలో పనిచేసే ఒకాయన క్వార్టరులో ఉంటున్నాడు. బొగ్గు గనిని మా దగ్గర బాయి అంటారు. రోజూ ఎందుకు రావని ఫోన్లో అడిగితే ఎప్పుడూ ఒకటే జవాబు.

"బండి లైటు సక్కగ లేదు బిడ్డా. ఫస్టు షిఫ్టుకు చీకట్ల ఎల్లాలె. టిప్పర్లు తిరిగే తొవ్వ. ఆదివారం వస్త తియ్."

అది అబద్ధమేమీ కాదు. చలికాలం తెల్లవారుజామున మా ఊరి నుంచి పెద్ద రోడ్డు ఎక్కేదాకా ఒక్క దీపం ఉండదు. బాపు బండి లైటేమో ముందు చక్రానికి కొంచెం అవతల పడి అక్కడే ఆగిపోతుంది. ఒకసారి గుంత కనిపించక పడి మోచెయ్యి గీరుకుపోయింది.

ఇంట్లో నేనూ, బాపు తల్లి సారవ్వా ఉంటాం. బాపమ్మకు చెవులు సరిగా వినిపించవు. పెందలాడే తిని పడుకుంటుంది. నేను కాలేజీలో కూడా ఎవరితోనూ కలవను. కొన్ని సాయంత్రాలు కోడిని అదిలిస్తే నా గొంతు నాకే కొత్తగా ఉంటుంది.

లైటు బాగైతే బాపు రోజూ వస్తాడు. నేను ఆ ఒక్కటే పట్టుకున్నాను. ప్రతి ఆదివారం అదే అడిగాను. చివరికి డిసెంబరులో ఒక తెల్లటి ఎల్‌ఈడీ బల్బు తెచ్చి బాపే బిగించాడు. ఆ రాత్రి ఇంట్లోనే ఉంటానన్నాడు కూడా.

పొద్దుగూకాక చూద్దామని ఇద్దరం ఊరి బయటికి వెళ్ళాం. నేను వెనుక కూర్చున్నాను. రోడ్డే కాదు, పక్కన వేప కొమ్మలు కూడా తెల్లగా మెరిశాయి. నాకు నవ్వొచ్చింది. అంతలో ఎదురుగా వస్తున్న బండి ఒకటి ఊగిసలాడి పత్తి చేనులోకి దిగిపోయింది.

"ఎవడ్రా అది? సూర్యున్ని కట్టుకొని తిరుగుతున్నవా?"

మా వాడకట్టు సదయ్య కాక. ఆయన కూడా బాయిలో చేసి రిటైరయ్యాడు.

"నేనే సదన్నా, కొమురెల్లిని. దెబ్బ తాకిందా?"

"నువ్వా? బాయిల గూడ గిట్లనే కొడుతవా మంది కండ్లల్ల?"

ఆ మాట బాపుకు గట్టిగా తగిలింది. బాయిలో అందరి టోపీలకూ లైట్లుంటాయి. ఎదురుగా మనిషి వస్తే తల వంచి వెలుగును నేలకు దించుతారు. అది అక్కడి మర్యాద. ఇంటికి రాగానే బాపు కొత్త బల్బు పీకేసి పాతది పెట్టాడు.

"గీ లైటుతోని నాతోని కాదు బిడ్డా. ఆదివారం వస్త గదా."

ఆ చీకట్లోనే, ఆ పాత లైటుతోనే క్వార్టరుకు వెళ్ళిపోయాడు. చీకటికి భయపడే మనిషి అలా ఎలా వెళ్ళాడా అని నేను చాలాసేపు ఆలోచించాను.

తరువాతి ఆదివారం బాపు తిరిగి బయలుదేరుతుంటే, "మెకానిక్కుకు చూపిద్దాం, నేనూ వస్త" అని బండి ఎక్కి కూర్చున్నాను. బాపు కాదనలేదు.

గోదావరిఖనిలో తిరుమల అనే మెకానిక్కు షెడ్డు ఉంది. బల్బు కథ విని ఆయన పెద్దగా నవ్వాడు.

"ఆ బల్బు గీ డూమ్‌ది కాదు కాకా. వెలుగు యాడపడితే ఆడ చిమ్ముతది. పోలీసోళ్ళు సూస్తే చలానా, సూడకుంటే ఎదురొచ్చినోని పానం."

డూమ్ అంటే ముందు లైటు గిన్నె, దాని అద్దం. లోపల మెరుపు పోయి గిన్నె పసుపుబారింది. తిరుమల అదే మోడలుకు కంపెనీ చేసిన కొత్త డూమ్ తీశాడు. ఎన్ని వాట్లు ఉండాలో అన్ని వాట్ల బల్బే అందులో పెట్టాడు. షట్టరు సగం దించి వెలిగిస్తే గోడ మీద వెలుగు పడింది. బాగా పడింది కానీ, చాలా కిందికి పడింది.

"ఇదేంది, నేల నాకుతున్నది? డూమ్‌ను ఎవడు వంచిండు కాకా?"

"నేనే వంచిన" అన్నాడు బాపు. "మీ చిన్నమ్మ ఎనుక కూసుంటే బండి ఎనుకకు కుంగేది. లైటు పైకి లేసి మంది కండ్లల్ల పడేది. గందుకే జర దించిన." చిన్నమ్మ అంటే మా అమ్మ.

"మంచి పనే చేసినవు. మరి ఇప్పుడెట్ల పెట్టమంటవు? ఎనుక ఎవరు కూసుంటరు?"

బాపు గుడ్డతో ట్యాంకు తుడవడం మొదలుపెట్టాడు. తిరుమల పానా పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. బల్బు మార్చడం తెలిసిన మనిషికి ఒక నట్టు వదులు చేసి లైటు లేపడం తెలియదా? ఇన్నాళ్ళూ బాపు ఒక్కడే, ఇద్దరి బరువుకు పెట్టిన లైటుతో తిరిగాడు.

నేను కొత్తవాళ్ళతో మాట్లాడను. అయినా నోరు తెరిచాను.

"ఎవ్వరు కూసోరు అన్నా. బాపు ఒక్కడే పోతడు."

తిరుమల నన్ను చూసి, బాపును చూసి, నా చేతికి సుద్దముక్క ఇచ్చి గోడ మీద లైటు ఎత్తున గీత గీయించాడు. బాపు ఒక్కడే సీటు మీద కూర్చున్నాడు. నట్టు వదులు కాగానే వెలుగు మెల్లగా గోడ ఎక్కి, నా గీతకు కొంచెం కింద ఆగింది.

"చాలు. గీత దాటనియ్యొద్దు కాకా."

బాపు ఆ వెలుగును చాలాసేపు చూశాడు. బయటికొచ్చేసరికి చీకటి పడుతోంది.

"నువ్వు బస్సెక్కు బిడ్డా. నువ్వు ఎనుక కూసుంటే లైటు లేస్తది" అన్నాడు.

బాపు క్వార్టరుకు వెళ్తాడనుకున్నాను. అడిగే ధైర్యం చాలలేదు. బస్సులో చిట్టచివరి సీట్లో కూర్చుని వెనుక అద్దంలోంచి చూస్తూ ఉన్నాను. ఊరు దాటాక టిప్పర్లు తగ్గాయి. ఒకే ఒక్క లైటు బస్సు వెనుకే వస్తోంది. నా కళ్ళలో పడకుండా, రోడ్డు మీదే పరుచుకుని వస్తోంది. బస్సు మా ఊరి వైపు తిరిగితే అదీ తిరిగింది.

నేను దిగేసరికి బాపు బండి ఆపి నిలబడ్డాడు.

"పొద్దుగాల ఐదింటికి లేపు" అన్నాడు. అంతే.

తెల్లవారుజామున మంచు బాగా పడింది. బాపు అలవాటుగా సీటు మొత్తం తుడిచాడు, వెనుక భాగం కూడా. నేను గేటు దగ్గర నిలబడ్డాను. లైటు మంచులో దూరందాకా వెళ్ళింది. మూల దగ్గర ఎవరో ఎదురొచ్చారు. వెలుగు కిందికి దిగి, వాళ్ళు దాటాక మళ్ళీ లేచింది. తరువాత వట్టి చీకటి మిగిలింది.

లోపల బాపమ్మ లేచి కూర్చుంది. "మీ బాపు పోయిండా?"

"పోయిండు. మాపటికి వస్తడు."

ఆమెకు వినిపించలేదు. ఇంకోసారి గట్టిగా చెప్పాను.