పచ్చ సిరా పేజీ

నేను ఒక జిరాక్స్ పుస్తకాన్ని. అసలుని కూడా కాదు, నకలుని. ముక్కు చిట్లించకండి. నన్ను సాగనంపడానికి నిగనిగలాడే మూడు లావుపాటి సంపుటాలు వచ్చి, వచ్చిన దారినే పోయాయి. ఆ సంగతి చెప్పుకోకపోతే అన్నం సయించదందును గానీ, నాకు పొట్ట లేదు.

నాలో ఉన్నది ఒక ఆట. బల్ల చుట్టూ కూర్చుని ఆడతారు. ఒకరు కథ నడుపుతూ, "ఎదురుగా గుహ ఉంది, లోపల ఏదో మూలుగుతోంది, ఏం చేస్తారు?" అంటారు. మిగిలినవాళ్ళు వీరులు. కత్తి దూస్తామనో, కాళ్ళకు బుద్ధి చెబుతామనో అంటారు. పని జరిగిందో లేదో పాచిక తేలుస్తుంది. ఈ ఆటకి కొన్నేళ్ళకోసారి కొత్త కూర్పు వస్తూ ఉంటుంది. నేను పాత కూర్పుని, అరవై నాలుగు పేజీలు. ఇప్పటి కూర్పు ఎత్తితే నడుం పట్టేస్తుంది.

పుట్టింది విశాఖపట్నంలో. రేవులో గుమస్తా తవిటినాయుడు, ఓడ మీద వచ్చిన ఒక నావికుడి దగ్గర అసలు పుస్తకాన్ని ఒక్క పూటకి అడిగి తెచ్చాడు. జిరాక్స్ కొట్టులో రేడియోలో క్రికెట్ వస్తోంది. నాలో మూడో వంతు అయ్యేసరికి వికెట్ పడింది. కొట్టతను "అవుట్!" అని ఎగిరి, రెండు కాగితాలు ఒకేసారి తిప్పేశాడు. ఇరవై రెండు, ఇరవై మూడు పేజీలు నాలోకి రానేలేదు. నాయుడు చూసుకునేసరికి ఓడ వెళ్ళిపోయింది.

పోయింది ఏ బొమ్మల పేజీయో అయితే బాధ లేదు. రాక్షసులు ఎదురుపడినప్పుడు వాళ్ళతో మాట్లాడితే ఏమవుతుందో చెప్పే నియమం అక్కడే ఉంది. నాయుడు రెండు రోజులు తల గోక్కుని, గీతల కాగితం మీద పచ్చ సిరాతో తనే ఒక నియమం రాసి నాలో కుట్టేశాడు. "మాటతో బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరినీ నవ్విస్తే రాక్షసుడు కూడా ఒప్పుకున్నట్టే. పాచిక అక్కర్లేదు. ఒక్కడు నవ్వకపోయినా చెల్లదు." అంతే.

అప్పటినుంచి ఇరవై ఏడేళ్ళు, ప్రతి ఆదివారం, కంచరపాలెంలో కుట్టుపనివాళ్ళ సంఘం గదిలో ఆట. బట్టలు కత్తిరించే బల్ల మీద టైలరు సుద్దతో గుహల పటం గీస్తారు. ఇరవై ముఖాల పాచిక ఊళ్ళో దొరక్క, ఒకటి నుంచి ఇరవై దాకా తంబోలా బిళ్ళలు ఏరి గాజు సీసాలో వేసుకున్నారు. నా మీద ఎన్ని టీ మరకలున్నాయో అన్ని విజయాలున్నాయి. అందులో రెండు మరకలు ఓటమివి, అవి చెప్పను.

ఇలా ఉండగా మా ఆటగాళ్ళలో ఒకడైన భానోజీకి కొత్త కూర్పు పిచ్చి పట్టింది. మందుల కంపెనీలో రెప్రజెంటేటివ్. మంచివాడే, కొత్తదంటే చాలు చెవి కోసుకుంటాడు. ఒక ఆదివారం మూడు సంపుటాలూ బల్ల మీద దభీమని పెట్టి, జేబులోంచి ఒక కాగితం తీశాడు.

"నాయుడు మావయ్యా, పోయిన పేజీ ఇంటర్నెట్లో దొరికింది. సూడు, పాచికెయ్యాలంట! ఇరవై ఏడేళ్ళు తప్పాట ఆడీసినాం."

నాయుడు ఆ కాగితం రెండుసార్లు చదివాడు. తిరిగి బల్ల మీద పెట్టాడు. నాకైతే ఒళ్ళు మండిపోయింది.

"కొత్తదే కావాలంటే ఆడుకోండి. నాను నడపలేను. దీన్ని పాతపేపర్లోడికి ఇచ్చీసి ఇంటికాడ కూకుంటాను" అన్నాడు నాయుడు.

దీన్ని అంటే నన్ను! పకోడీల పొట్లంగా ఊహించుకుని వణికిపోయాను.

ఆరుగురిలో ముగ్గురు అటు, ముగ్గురు ఇటు. చివరికి ఒప్పందం కుదిరింది. వచ్చే ఆదివారం ఒకే గుహ, పొద్దున్న కొత్త కూర్పుతో, మధ్యాహ్నం నాతో. తర్వాత చేతులెత్తి తేల్చుకోవాలి. భానోజీ తెలివిగా ఏడో చెయ్యిగా తన అక్క పైడిరత్నాన్ని తీసుకొచ్చాడు. ఆవిడ ఆర్టీసీ బస్సు కండక్టరు. ఈ ఆట పేరు కూడా ఎన్నడూ వినలేదు.

పొద్దున్న భానోజీ ఆవిడ చేత వీరవనితని తయారు చేయించడం మొదలెట్టాడు. ఏ జాతి, ఏ కులవృత్తి, ఏ విద్యలు, చిన్ననాటి జ్ఞాపకం ఏమిటి? గంటన్నర గడిచింది.

"ఒరే, ఇది ఆటేనా, రేషన్ కార్డు దరఖాస్తా?" అంది పైడిరత్నం. భోజనాల వేళకి కూడా ఆవిడ గుహ గుమ్మం దాటలేదు.

మధ్యాహ్నం నా వంతు. ఆరుసార్లు పాచికలు, ఒక పేరు, ఒక కత్తి. టీ చల్లారకముందే ఆవిడ గుహలో ఉంది. అక్కడ కష్టం వచ్చి పడింది. ఇరుకు దారిలో నలభై అస్థిపంజరాలు ఎదురొచ్చాయి. ఇద్దరు వీరులు కూలిపోయారు. పక్కన ఇనప తలుపున్న ఖాళీ రాతి గది ఒక్కటే ఉంది.

"ఏటి సేత్తావమ్మా?" అన్నాడు నాయుడు.

పైడిరత్నం లేచి నిలబడింది. అరచేత్తో బల్ల మీద టపటపా చరిచింది.

"తోసుకోకండి! లోపల ఖాళీ ఉంది, ముందుకి జరగండి! దారికడ్డంగా నిలబడితే బండి కదల్దు!"

బల్ల ఘొల్లుమంది, భానోజీ తప్ప. వాడు పళ్ళు బిగించి పైకప్పు చూస్తున్నాడు. వాడు నవ్వకపోతే మాట చెల్లదు, మేమందరం అయిపోయినట్టే. నా కుట్లు బిగుసుకుపోయాయి.

ఆవిడ తమ్ముడివైపు చూడనైనా లేదు. "ఏం తాతా, ఒంటి మీద కండ లేకపోనా బెట్టు మాత్రం ఉందే! ముసలోళ్ళ సీటు లోపలుంది, ఎల్లు!"

భానోజీ ముక్కులోంచి టీ వచ్చింది. కుర్చీలోంచి జారిపోయేంత నవ్వాడు.

"నలభై మందీ లోపలికి ఎల్లిపోనారు!" అని నాయుడు కేకేశాడు.

"రైట్ రైట్!" అని పైడిరత్నం తలుపు మూసేసింది. ఆ గోలకి కింద కొట్టువాళ్ళు ఏం కూలిందోనని పైకి వచ్చారు. అబ్బ, నా బతుక్కి ఆ ఒక్క సాయంత్రం చాలు!

నా వైపు చేతులెత్తారు. ఆరు. ఆఖరికి భానోజీది కూడా లేచింది. "ఏటి సేత్తాం, నవ్వీసినాను కదా" అన్నాడు.

నాయుడు నిజాయితీపరుడు. దొరికిన పేజీని నాలో కుట్టేద్దామన్నాడు. పైడిరత్నం దాన్ని నాలుగు మడతలు పెట్టి, పొట్టిగా ఉన్న బల్లకాలి కింద దూర్చింది. ఇరవై ఏడేళ్ళుగా ఊగుతున్న బల్ల కుదురుగా నిలబడింది.

మర్నాడు భానోజీయే నన్ను జిరాక్స్ కొట్టుకి తీసుకెళ్ళాడు, అందరికీ తలో ప్రతి తీయించడానికి. పక్కనే నిలబడి ఒక్కో పేజీ తనే తిప్పాడు. పచ్చ సిరా పేజీ దగ్గర కొట్టతను ఆగి, "ఇది చేత్తో రాసుందేంటి సార్? అసలు పుస్తకం తేలేదా?" అన్నాడు.

"ఇదేరా బాబూ అసలుది" అన్నాడు భానోజీ.