రెండు ఉత్తరాలు

"నాది కూడా నువ్వే రాసెయ్ విద్యా. ఈ ఎమోషనల్ మ్యాటర్ నీకైతే బాగా వస్తుంది," అన్నాడు హర్షవర్ధన్, ల్యాప్‌టాప్‌లోంచి తలెత్తకుండా. అప్పుడు విద్య తమ కొడుకు రుత్విక్ యూనిఫామ్ ప్యాంటు ఇస్త్రీ చేస్తోంది.

రుత్విక్ చదివేది అమెరికాలో, హెర్న్‌డన్ ఊరి దగ్గర మగపిల్లల హైస్కూల్లో. పదకొండో తరగతి పిల్లల్ని మూడు రోజులు ఊరవతల క్యాంపుకి తీసుకెళ్తారు. అక్కడ పిల్లలు చదవడానికి తల్లి ఒకటి, తండ్రి ఒకటి, వాళ్లకి ముందుగా తెలియకుండా ఉత్తరాలు రాసి పంపాలి. టైప్ చేసినా ఫర్వాలేదు, సంతకం ఉంటే చాలు.

ఆ స్కూల్లో తల్లులకి పనికేం కొదవ! లంచ్ వడ్డించడానికి మదర్స్ క్లబ్, పాత యూనిఫామ్‌లు సర్దడానికి మదర్స్ క్లబ్. తండ్రులకీ ఓ క్లబ్ ఉంది లెండి, ఏడాదికోసారి బర్గర్లు కాల్చి చప్పట్లు కొట్టించుకోవడానికి. విద్యకీ ఉద్యోగం ఉందని ఎవరికి గుర్తు? "ఇంట్లోంచే కదమ్మా చేసేది," అంటుంది అత్తగారు ఫోన్లో.

ముందు భర్త ఉత్తరం మొదలుపెట్టింది. ఆయన పేరుతో రాస్తుంటే చెయ్యి ఆగలేదు. తిన్నావా, పడుకున్నావా అనడంలోనే పదహారేళ్లు గడిచిపోయి, కొడుకుతో ఎన్నడూ అనలేకపోయినవన్నీ మూడు పేజీలు వచ్చాయి. తన ఉత్తరానికి వచ్చేసరికి మీటింగ్ టైమైంది. వేళకి తిను, జాకెట్ మర్చిపోకు, ఐ లవ్యూ. హర్షవర్ధన్ చదవకుండానే సంతకం పెట్టాడు. ఆమెకి ఒళ్లు మండింది. అయినా కవర్లు అంటించి పంపింది.

ఆదివారం మధ్యాహ్నం పిల్లలు తిరిగొచ్చారు. స్కూల్ జిమ్‌లో తల్లిదండ్రుల ముందు ఒక్కొక్కరే మైకు పట్టుకున్నారు. రుత్విక్ వంతు వచ్చింది.

"ఎయిత్ గ్రేడ్‌లో నన్ను టీమ్‌లోంచి తీసేసినప్పుడు బాత్‌రూమ్‌లో లాక్ చేసుకుని ఏడ్చాను. ఎవరికీ తెలీదనుకున్నా. మా డాడ్ గంటసేపు బయట నేల మీద కూర్చున్నారట. నాకు సిగ్గేస్తుందని తలుపు కొట్టలేదట," అన్నాడు వాడు ఇంగ్లీషులో. "మామ్ లెటర్‌లో మాత్రం జాకెట్ గురించి ఉంది."

అందరూ నవ్వారు. విద్యా నవ్వింది. కొడుకు పరుగున వచ్చి తండ్రిని వాటేసుకున్నాడు. హర్షవర్ధన్ కళ్లల్లో నిజంగానే నీళ్లు తిరిగాయి. అదిగో, అది చూసే ఆమె మనసు మరీ రగిలిపోయింది. చెబితే పిల్లాడి సంతోషం పోతుంది. చెప్పకపోతే? రేపు వీడి పెళ్లామూ ఇలాగే రెండు ఉత్తరాలు రాస్తుంది.

కార్ కదిలింది. వెనక సీట్లోంచి రుత్విక్ ముందుకి వంగాడు.

"డాడ్, తలుపు కొట్టకూడదని నీకు ఎలా తెలుసు?"

హర్షవర్ధన్ పక్కకి తిరిగి విద్యని చూశాడు. పాస్‌పోర్టులు ఎక్కడున్నాయో కనుక్కోవాల్సినప్పుడు చూసే చూపే అది.

"అది... అమ్మ చెప్తుందిలే," అన్నాడు.

"చెప్తాను," అంది విద్య. "ఆ రోజు నాన్న డాలస్‌లో ఉన్నారు. తలుపు బయట కూర్చున్నది నేను. ఆ మూడు పేజీలూ రాసింది నేను. ఆ మాటలన్నీ నావే, ప్రతి ఒక్కటీ నిజమే. నాన్న నీకు రాయాల్సిన ఉత్తరం మాత్రం ఇంకా రాయలేదు రుత్విక్."