పేరు లేని భిన్నం

అయినా, ఎన్నిసార్లు చేసినా అదే వస్తున్నప్పుడు అది తప్పెలా అవుతుంది? తప్పయితే ఒకరోజు ఒకలా, ఇంకోరోజు ఇంకోలా రావాలి. నిలకడ లేకపోవడమే కదా తప్పుకు గుర్తు. ఈ మూడు బై అయిదు మాత్రం పిలిచినప్పుడల్లా అదే ముఖంతో వచ్చి ఎదురుగా నిలబడుతోంది. అంత నమ్మకంగా వచ్చేదాన్ని పట్టుకుని నువ్వు కాదు పొమ్మనడం ఎలా?

రైలు సాత్తూరులో ఆగి మళ్ళీ కదిలింది. రంగరాజన్ ఒళ్ళోని పలకను తువ్వాలుతో ఇంకొంచెం కప్పాడు. పక్కన కూర్చున్న పెద్దమనిషి చూస్తాడేమోనని. పంతొమ్మిదేళ్ళ వాడి ఒళ్ళో పలకేమిటి అని ఆయన అడగలేదు. అడుగుతాడేమోనన్న ఊహ మాత్రం కోవిల్‌పట్టిలో ఎక్కినప్పటి నుంచీ మనసులో ఒక మూల కూర్చునే ఉంది. కిటికీ అవతల నల్లరేగడి పొలాలు బీటలు తీసి ఉన్నాయి. పత్తి చెట్లు పీకేసిన చాళ్ళు మాత్రం మిగిలాయి. ఇంకా చినుకు పడలేదు.

ఏప్రిల్ చివర్లో మొదలైన శనివారాలు ఇవాళ్టితో ఆఖరు. వచ్చే గురువారం మదురైలో బి.ఎ. గణితం తరగతులు తెరుస్తారు. ఇంటర్మీడియట్ ప్యాసయ్యాడు, మార్కులు కూడా బాగానే వచ్చాయి. ఎలా వచ్చాయో అతనికొక్కడికే తెలుసు. పుస్తకంలో చేసి చూపించిన లెక్కలన్నీ పద్యాల్లాగా కంఠతా పట్టాడు. పరీక్షలో వచ్చిన లెక్క ఏ పద్యానికి దగ్గరగా ఉందో చూసి, అంకెలు మార్చి అప్పజెప్పాడు. బి.ఎ.లో అది చెల్లదు. అక్కడ పద్యాలు లేని చోట్లకు పోవాలి. చెల్లదన్న సంగతిని ఈ ఎండాకాలం దాకా ఒక్కడే మోశాడు.

దాన్ని మొదట పట్టుకున్నవాడు గోవిందరాజ్ మామ, అమ్మకు అన్న. విరుదునగర్‌లో ముప్పై ఏళ్ళు లెక్కల వాత్యారుగా పనిచేసి ఇంట్లో కూర్చున్నాడు. చిత్తిరై నెలలో ఒక పెళ్ళి పందిట్లో నాన్న గర్వంగా, "మావాడు పై చదువుకు లెక్కలే తీసుకుంటాండాడు బావా" అన్నాడు. మామ నవ్వి, చేతిలో ఉన్న తమలపాకు వెనక సున్నంతో ఒక చిన్న లెక్క రాసి ఇచ్చాడు. రంగరాజన్ చిటికెలో జవాబు చెప్పాడు, తప్పు జవాబు. మామ ఆ ఆకును మడిచి నోట్లో వేసుకుని, చాలాసేపు నమిలాక అన్నాడు: "శనివారం శనివారం విరుదుపట్టికి రా. పలక తెచ్చుకో. మూడో ఫారం పుస్తకం ఉంటే అది కూడా."

ఊరి పేరు మారి పదేళ్ళు కావస్తున్నా మామకు అది విరుదుపట్టే.

మూడో ఫారం. పన్నెండేళ్ళ పిల్లలు చదివే పుస్తకం! ఆ రాత్రి రంగరాజన్‌కు ముందు కోపం వచ్చింది, తర్వాత భయం వేసింది. ఆ రెండింటి అడుగున ఎక్కడో, తను ఒప్పుకోవడానికి ఇష్టపడని ఒక హాయి కూడా ఉంది. ఎవరికో తెలిసిపోయింది. ఇక ఒక్కడే మోయనక్కర్లేదు.

అలా మొదలైంది. బతుకులో ఏ ఎండాకాలమూ ఇంత సుఖంగా గడవలేదు. పొద్దున్నే కొట్టం నీడలో, ఎద్దుల పక్కన పలక పెట్టుకుని కూర్చునేవాడు. బ్రాకెట్టు విప్పితే లోపల గుర్తులు ఎందుకు మారతాయి? రెండు ఋణాలు గుణిస్తే ధనం ఎందుకు? ఏడేళ్ళ కింద తల ఊపి దాటేసిన చోట్లకు ఒక్కొక్కదానికి తిరిగి వెళ్ళి, అక్కడ ఊరికే కూర్చునేవాడు. కూర్చోగా కూర్చోగా అది దానంతట అదే తెరుచుకునేది. అమ్మ జానకియమ్మాళ్ సజ్జ గంజి తెచ్చి పెడుతూ పక్కింటామెతో అనేది: "ఎంత పెద్ద కణక్కో చూడమ్మా, పలక చాలడం లేదు పిల్లోడికి. తుడిచి తుడిచి రాస్తాండాడు." లెక్కను కణక్కు అనే ఆ అమ్మకు నిజం చెప్పాలనిపించేది కాదు. అబద్ధం చెబుతున్నట్టు కూడా అనిపించేది కాదు. పలక నిజంగానే చాలడం లేదు.

అన్నీ తెరుచుకున్నాయి, ఒక్కటి తప్ప. భిన్నాల పాఠంలో పద్నాలుగో లెక్క. పైన ఎక్స్ స్క్వేర్, దానికి కలిపి మూడు ఎక్స్. కింద ఎక్స్ స్క్వేర్, దానికి కలిపి అయిదు ఎక్స్. సూక్ష్మీకరించు. పుస్తకం వెనక జవాబుల పేజీలను మామ మొదటి వారమే చింపి అటక మీద పడేశాడు. ఆయన ఎక్కడ తప్పో చెప్పడు. పలక పైనుంచి కిందికి ఒకసారి చూస్తాడు. సరిగా ఉంటే "తర్వాతిది" అంటాడు, లేకపోతే "మళ్ళీ" అంటాడు. అంతే. మూడు శనివారాలుగా పద్నాలుగో లెక్కకు "మళ్ళీ".

అడిగితే చెబుతాడు. ఆ సంగతి రంగరాజన్‌కు తెలుసు. అడగాలంటే తెలియదు అనాలి. ఆ మాట అతని నోట ఎప్పుడూ రాలేదు. వీధిబడిలో ఆరేళ్ళప్పుడే వాత్యారు "అర్థమయిందా?" అనడం పూర్తికాకముందే తల ఊపేవాడు. తల ఊపింది తాను కాదు, తన లోపలినుంచి తనకంటే ముందు లేచి నిలబడే ఇంకొకడు. ఆ ఇంకొకడికే ఊరంతా మెచ్చుకోళ్ళు. వాణ్ణి ఇప్పుడు కూర్చోబెట్టకపోతే మదురైలో మొదటి వారంలోనే తను మునిగిపోతాడు. అక్కడ అరవైమంది మధ్య అడగడం ఎలాగూ చేతకాదు. మామ ముందు చేతకాకపోతే ఇంకెక్కడా కాదు. ఇవాళ ఆఖరి శనివారం.

విరుదునగర్‌లో దిగగానే ఎండుమిరప ఘాటు ముక్కుకు తగిలింది. రెండు వీధులు నడిచి మామ ఇంటి అరుగు ఎక్కాడు.

"వచ్చినాడప్పా మాకాణి!" లోపలినుంచి పొన్నుతాయి గొంతు. మామ కూతురు. రంగరాజన్ కంటే నాలుగేళ్ళు పెద్దది, రెండో కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. చేటలో కందిపప్పు చెరుగుతూ గడప దగ్గర కాళ్ళు చాపుకుని కూర్చుంది. "రైలు చార్జీకి నువ్వు నేర్చుకునే కణక్కు కిట్టుబాటు అవతాదా మరిదీ?"

"మామ ఉన్నాడా వదినా?"

"ఎక్కడికి పోతాడు? నీకోసరమే పొద్దున్నుంచి గోడకు ఆనుకొని ఉండాడు. నీళ్ళు తాగి పో. ముఖం చూడు, మార్కు తక్కువైన పిల్లోడి మాదిరి."

మాకాణి అన్నది వీధిబడి నాటి పేరు. పిల్లలందరూ భిన్నాల ఎక్కం పాటగా పాడేవారు. కాల్ అంటే పావు. అర. ముక్కాల్ అంటే ముప్పావు. మాకాణి అంటే పదహారో వంతు, మా అంటే ఇరవయ్యో వంతు, కాణి అంటే ఎనభయ్యో వంతు. పావును పావుతో గుణిస్తే ఎంత అని ఎవరైనా అడగ్గానే, ఆరేళ్ళ రంగరాజన్ "మాకాణి!" అని అరిచేవాడు. పెద్దవాళ్ళు చుట్టాలకు పిలిచి మరీ చూపించేవారు.

మామ గోడకు ఆనుకునే ఉన్నాడు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని చెయ్యి చాపాడు. రంగరాజన్ తువ్వాలు తీసి పలక ఇచ్చాడు. మొదటి మెట్టు: పైనా కిందా ఎక్స్‌ను బయటికి తీశాడు. రెండో మెట్టు: ఆ రెండు ఎక్స్‌లూ కొట్టేశాడు. పైన ఎక్స్ ప్లస్ మూడు, కింద ఎక్స్ ప్లస్ అయిదు మిగిలాయి. మూడో మెట్టు: మిగిలిన ఎక్స్‌లు కూడా కొట్టేశాడు. మూడు బై అయిదు.

"మళ్ళీ" అనలేదు మామ. పలక ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఏరా రంగా, ఎక్స్ అంటే ఎంత?"

"తెలియని అంకె మామా. ఏదైనా కావచ్చు."

"ఏదైనా అంటే ఒకటి కూడా అవతాదా?"

"అవుతాది."

"అయితే ఒకటి పెట్టి చూడు. నీ జవాబులో కాదు, పుస్తకంలో ఇచ్చినదానిలో."

రంగరాజన్ పలక మూలన చిన్నగా రాశాడు. పైన ఒకటి, మూడు. నాలుగు. కింద ఒకటి, అయిదు. ఆరు. నాలుగు బై ఆరు. అంటే రెండు బై మూడు.

రెండు బై మూడు, మూడు బై అయిదు. రెండూ పలక మీద పక్కపక్కన ఉన్నాయి. ఒకటి అబద్ధమాడుతోంది.

"మూడు బై అయిదును బళ్ళో ఏమంటారురా?"

"అరయే రెండు మా" అన్నాడు రంగరాజన్ ఆలోచించకుండా. అర, దాని మీద రెండు ఇరవయ్యో వంతులు. సరిగ్గా మూడు బై అయిదే.

"రెండు బై మూడును?"

కాల్, అర, ముక్కాల్ వరుస మొత్తాన్ని లోపల ఒకసారి పైనుంచి కిందికి వెతికాడు. మూడో వంతుకు ఆ పాటలో చోటే లేదు. అంత చిన్న కాణికి, దానికంటే చిన్నవాటికి కూడా పేర్లున్నాయి. రోజూ ముగ్గురు అన్నదమ్ములు పంచుకునే మూడో వంతుకు మాత్రం లేదు. పదమూడేళ్ళుగా పాడుతున్న పాటలో ఇంత ఖాళీ ఉందని అతనికి ఇప్పుడే తెలిసింది.

"లేదే మామా పేరు!"

"లేదు కదా?" మామ కళ్ళు మెరిశాయి. "నేను కూడా ఆ బడే. నాకు కూడా ఇరవై ఏళ్ళు వచ్చినదాకా తెలవదు."

గడప దగ్గర పొన్నుతాయి చేట ఆపింది. "ఇద్దరు మొగోళ్ళు, ఒక మూడో వంతు. దానికోసరం రైలు."

రంగరాజన్‌కు నవ్వు వచ్చింది. నవ్వుతూనే లోపల ఏదో నెమ్మదిగా సర్దుకోవడం గమనించాడు. భిన్నమంటే తనకు ఎప్పుడూ ఒక వస్తువు. కాల్ ఒక వస్తువు, మాకాణి ఒక వస్తువు, చింతగింజల్లాగా గుప్పిట్లో పట్టుకునేవి. ఒకదాన్ని ఇంకోదానితో భాగించడం అని ఏనాడూ అనుకోలేదు. అందుకే పేరున్న చోటికి పరుగెత్తేవాడు. పైనా కిందా ఏముందో చూడకుండా, గుర్తుపట్టగలిగిన ముఖం కనిపించేదాకా కొట్టేస్తూ పోయేవాడు. మూడు బై అయిదు అంత నమ్మకంగా వచ్చి నిలబడింది నిజమై కాదు, చిన్ననాటి నుంచి ఎరిగిన ముఖమై. ఇది తెలియడంలో బాధ ఉండాలి. లేదు. తన తలలోని ఒక గదికి మొదటిసారి కిటికీ తీసినట్టుంది. ఆరేళ్ళ ఆ పిల్లవాడి మీద కూడా కోపం రాలేదు. పాపం, నేర్పినదే పాడాడు.

మామ పలక తీసుకున్నాడు. రెండో మెట్టు దగ్గర వేలు పెట్టాడు. "ఇక్కడ కొట్టేస్తివే, అది సరి. ఎక్స్ మొత్తాన్నీ గుణిస్తాంది, పైనా కిందా." వేలు మూడో మెట్టుకు జరిగింది. "ఇక్కడ ఎక్స్ కలిసి ఉండాది, గుణించడం లేదు. కలిసి ఉన్నదాన్ని కొట్టేయకూడదు." వేలు తీసేశాడు. కళ్ళజోడు ముక్కు మీదికి దించుకుని అతని వైపు చూశాడు.

"అర్థమయిందా?"

మెడ కదలడం మొదలైంది.

"వాడికి అర్థం కాకపోవడమేమి నాయనా" అంది పొన్నుతాయి చేట ఎత్తుతూ. "గురువారం బి.ఎ. క్లాసులో కూర్చునేవాడు కదా. ఇంక పలక చాలించి అన్నానికి లేవండి."

మామ చెప్పింది సరైన మాటే. అప్పజెప్పమంటే ఇప్పుడే అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పగలడు. గుణిస్తే కొట్టేయవచ్చు, కలిస్తే కొట్టేయకూడదు. ఎంత చక్కగా ఉంది, ఎంత పద్యంలా ఉంది. రేపటినుంచి ఈ లెక్కలో తప్పు పోడు. మామ లేస్తాడు, ముగ్గురూ అన్నం తింటారు, సాయంత్రం రైలు. ఎందుకు కొట్టేయకూడదన్నది మాత్రం అటూ ఇటూ కాకుండా ఉండిపోతుంది, ఏడేళ్ళ కింద దాటేసిన చోట్లలాగే ఇంకొకటి. తల సగం కిందికి వచ్చింది. అది కిందికి వస్తున్నట్టు అతను చూశాడు, ఎవరిదో తలను చూస్తున్నట్టు. సగంలో దాన్ని ఆపాడు. మామ చెయ్యి నేలకు ఆనించి లేవబోతున్నాడు.

రంగరాజన్ ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు.

"లేదు మామా" అన్నాడు. "నాకు తెలియలేదు. ఇంకోసారి చెప్పండి."